కొల్లేటి మీద కాలినడక

ఏలూరుకు ఏం తక్కువ? తివాచీలు నేసే ఊరన్న పేరుంది. గజ్జెలవారి చెరువులో 74 అడుగుల బుద్ధుడు నిలబడి ఉన్నాడు. 2022 ఏప్రిల్ 4న ఊరి పేరునే జిల్లా కూడా వచ్చింది. తక్కువల్లా పర్యాటకుడే. బెజవాడకూ రాజమండ్రికీ మధ్య రైలు ఆగితే కిటికీలోంచి తొంగిచూసి, "ఏలూరేనా" అని ఆవులించి, మళ్లీ అటు తిరిగి పడుకునేవాళ్లే గాని సంచీ భుజాన వేసుకుని దిగేవాడు కనపడడు.

దీనికి మందు షికాగోవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఊళ్లో పూర్వం హత్యలు జరిగి ఉంటే చాలు, వాటిని టిక్కెట్టు పెట్టి చూపించవచ్చు. నల్లరంగు బస్సు, టోపీ వాల్చి పెట్టుకున్న గైడు, నోటితోనే తుపాకీ చప్పుళ్లు. 1929 ఫిబ్రవరి 14న ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చిన గ్యారేజీ దగ్గర బస్సు ఆగుతుంది. ఆ గ్యారేజీని 1967లోనే కూల్చేశారు. ఇప్పుడక్కడ పచ్చగడ్డి. జనం డబ్బిచ్చి మరీ ఆ గడ్డిని ఫొటో తీసుకుని, తృప్తిగా బస్సెక్కుతారు. లండన్ ఈస్ట్ ఎండ్‌లో క్రే సోదరులనే గ్యాంగ్‌స్టర్ల నడక ఉంది. 1966లో రోనీ క్రే ఒకణ్ని కాల్చిన సారా దుకాణం ఇంకా నడుస్తోంది, గిరాకీ బాగానే ఉందట. సిసిలీలో మరీ తమాషా. ‘గాడ్‌ఫాదర్’లో కోర్లియోనే ఊరని చూపించినది అసలు కోర్లియోనే కానే కాదు, సవోకా అనే కొండమీది పల్లె. అక్కడి బార్‌లో హీరో పిల్లనడిగిన కుర్చీల్లో కూర్చుని ఇవాళ్టికీ నిమ్మకాయ మంచు తింటున్నారు. అబద్ధపు మాఫియాకు అసలు బిల్లు కడుతున్నారన్నమాట.

ఇంత సులువైన ఉపాధి మార్గాన్ని పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల నిరుద్యోగ యువత వదులుకోవడం నాకు నచ్చలేదు. అందుకని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు కలిపి ‘గ్యాంగ్‌స్టర్ చరిత్ర, సినిమా లొకేషన్ల కాలినడక’ ఒకటి నేనే రూపకల్పన చేశాను. పర్యాటక శాఖవారు ఉచితంగా వాడుకోవచ్చు. రాయల్టీ అక్కర్లేదు, ముందస్తు బెయిలు ఇప్పిస్తే చాలు.

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు. "గ్యాంగ్‌స్టర్లంటే బెజవాడ కదా, మధ్యలో ఏలూరేమిటండీ?" అంటారు. నిజమే. ఆ సరుకుకు బెజవాడే హోల్‌సేలు. కాలేజీ గొడవలు, యూనియన్లు, రెండు వర్గాలు, ఇటొకరు పోతే అటొకరు. 1988 డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను దీక్షా శిబిరంలోనే నరికి చంపారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పడింది. మరుసటేడు అక్టోబరులో ‘శివ’ వచ్చింది. బెజవాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన కుర్రాడు రామ్‌గోపాల్ వర్మ సైకిలు చెయినుకు చరిత్రలో చోటిచ్చాడు. తర్వాత ఆయనే ‘బెజవాడ’ నిర్మించాడు, 2016లో ‘వంగవీటి’ తీశాడు. ఇంత చరిత్ర ఉన్నా అక్కడ కాలినడక ఎందుకు లేదంటే, మొదటి మలుపు తిరక్కముందే జనం గైడును "మీరేవుట్లు?" అని అడుగుతారు. ఏ జవాబు చెప్పినా టూరు సగం మందితోనే సాగుతుంది. రెండు గైడుల్ని పెట్టి రెండు రూట్లు వేస్తే, రెండూ కలిసే సెంటర్లో పోలీస్ పికెట్ పెట్టాల్సి వస్తుంది. షికాగోలో గ్యాంగ్‌స్టర్ కపోన్ ఏ శాఖవాడని అడిగేవాడు లేడు, ఆ ఊరి అదృష్టం.

కాబట్టి ఏలూరే మేలు.

సినిమా వాటా చూద్దాం. ఊరి పక్కనే చాటపర్రు. 1991లో తెలుగుదేశాన్ని ఊపేసిన ‘గ్యాంగ్‌లీడర్’ తీసిన విజయ బాపినీడు ఈ ఊరి మనిషి. అందులో పెద్దన్నయ్యగా వేసిన మురళీమోహన్‌దీ ఈ ఊరే. ఒకే పల్లె నుంచి గ్యాంగ్‌లో ఇద్దరు. షికాగోకైనా ఈ భాగ్యం ఉందా? అయితే పర్యాటకుడికి ముందే చెప్పెయ్యాలి: ఆ సినిమాలో గ్యాంగంటే ఉద్యోగం సద్యోగం లేని కుర్రాళ్లే. అసలు దుర్మార్గాలన్నీ చేసేది ఊరి పెద్దమనిషిగా చెలామణీ అయ్యే రావుగోపాలరావు. చాటపర్రు మనిషికి లోకం తెలుసు.

రావుగోపాలరావు పేరెత్తాం కాబట్టి ఇంకో మాట. 1975లో బాపు, రమణలు ‘ముత్యాలముగ్గు’ తీస్తే విలన్‌కు ఏ ఉద్యోగమిచ్చారు? కాంట్రాక్టరు. నరసాపురంలో పుట్టిన బాపుకూ ధవళేశ్వరంలో పుట్టిన రమణకూ గోదావరి జిల్లాల్లో గ్యాంగ్‌స్టర్ ఏ వేషంలో ఉంటాడో వేరే చెప్పాలా? చేతిలో తుపాకీ ఉండదు. మెడలో పూలదండ ఉంటుంది. పొద్దున్నే సూర్యోదయాన్ని కూడా మెచ్చుకుంటాడు.

పర్యాటకుడు తప్పకుండా కొవ్వలి ఎక్కడని అడుగుతాడు. విలన్ డెన్‌లో రంగుదీపాల కింద దక్షిణాది సినిమా మొత్తాన్నీ ఆడించిన సిల్క్ స్మితది ఈ చుట్టుపక్కలే. విలన్లందరూ పెద్దమనుషుల పాత్రలకు మారి సన్మానాలు చేయించుకున్నారు. ఆమె 1996లో, ముప్పై ఆరో ఏట, మద్రాసులో పోయింది. ఆ ఊళ్లో మన బస్సు ఆగదు. కొన్ని చోట్ల ఆగకపోవడమే మర్యాద.

ఆగకూడని చోటు ఇంకొకటి ఉంది. 2014 సెప్టెంబరులో గన్నవరం దగ్గర జాతీయ రహదారి మీద, ఏలూరు కోర్టుకు వస్తున్న ఒకే కుటుంబంలోని ముగ్గురిని కారులోనే కాల్చి చంపారు. తుపాకులు పట్టుకొచ్చింది ఢిల్లీ నుంచి పిలిపించుకున్న కిరాయి మనుషులు. అచ్చం సినిమాలా జరిగిందని ఆ రోజుల్లో అందరూ అన్నారు. అలా అన్నవాళ్లెవరూ ఆ ఇంటి గడప చూసినవాళ్లు కారు. షికాగోవాళ్లు దశాబ్దాలకు దశాబ్దాలు ఆగి టిక్కెట్లమ్మారు. మనం ఆ మాత్రం కూడా ఆగలేమా?

తాడేపల్లిగూడెంలో మాత్రం దిగాలి. ఇక్కడ రేలంగి చిత్రమందిర్ కట్టించింది రేలంగి వెంకట్రామయ్య, 1975లో కన్నుమూసిందీ ఈ ఊళ్లోనే. హాస్యనటుడికి గ్యాంగ్‌స్టర్ టూరులో ఏం పని అంటారేమో. ముందు ముందు కనపడేదానికి నవ్వడం ప్రాక్టీసు చేయించడానికి. తర్వాత ఉల్లిపాయల మార్కెట్ పక్కగా నడిస్తే కళ్లవెంట నీళ్లు కూడా వస్తాయి, రెండూ అవసరమే. అటుపైన రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే. విమానాలు ఎప్పుడో వెళ్లిపోయాయి. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం విమానాశ్రయం మాట దాని మీద దిగి, ఓట్లెక్కించుకుని ఎగిరిపోతుంది. సర్కారువారి భూమి ఖాళీగా ఉంటే దాని చుట్టూ ఏం జరుగుతుందో తొలి పాఠం ఇక్కడే నేర్చుకుని, మలి పాఠానికి నైరుతిగా తిరుగుదాం.

జనవరిలో వచ్చేవాళ్లకు ఒక ప్రత్యేక ఆకర్షణ ఉంది. షికాగో గ్యాంగ్‌స్టర్లకు అన్నం పెట్టింది మద్యనిషేధం, 1920 నుంచి 1933 దాకా. పదమూడేళ్ల పాటు సర్కారు వద్దంది, వీళ్లు దొంగచాటుగా నేలమాళిగల్లో అమ్మారు. ఎంత పిరికివాళ్లు! మన దగ్గర కోడిపందేలు వద్దని కోర్టులు చెబుతాయి, పోలీసులు మైకులో చెబుతారు, కత్తులు కట్టేవాళ్లను బైండోవర్ చేస్తారు. భోగి పొద్దున్నే బరి దగ్గర షామియానా లేస్తుంది, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, పెద్ద తెరల మీద ప్రసారం మొదలవుతుంది. పక్కనే గుండాట, పేకాట, బిర్యానీ, ఐస్‌క్రీం. ప్రజాప్రతినిధి వచ్చి రిబ్బన్ కట్ చేస్తాడు. డేగ మీద కాకి పందెం, కాకి మీద నెమలి పందెం, లక్షలు అటు తిరిగి ఇటు వస్తాయి. కనుమ సాయంత్రానికి షామియానా విప్పేస్తే చట్టం మళ్లీ తన సీట్లో కూర్చుంటుంది. నేలమాళిగ అవసరం లేని నేరాన్ని కపోన్ కలలో కూడా ఊహించి ఉండడు.

ఇవన్నీ టిఫిన్లు. అసలు భోజనం కొల్లేరు.

సరస్సు మీద కాలినడక ఎలాగని పైవూళ్లవాళ్లు భయపడతారు. భయం లేదు. ఈత రానక్కర్లేదు, చెప్పులు విప్పనక్కర్లేదు. మా సరస్సులో గట్లున్నాయి. ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి, ఆ గట్టు మీంచి పైగట్టు మీదికి, మోటారు సైకిలు మీదయినా, చేపలు ఎగుమతి చేసే లారీ మీదయినా వెళ్లవచ్చు. సముద్రాన్ని చీల్చి దారి చేసినవాడి కథ పాతది. సరస్సును చీల్చి లీజుకిచ్చినవాళ్ల కథ మాది. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అని రామ్‌సర్ ఒప్పందం కింద 2002లో ప్రపంచమంతా గుర్తించిన చోట, ఒక్క కాలైనా తడవకుండా నడిచే అవకాశం భూగోళం మీద ఇంకెక్కడుందో కనుక్కోండి.

ఈ దందా ఎలా జరిగిందో గైడు చెప్పేటప్పుడు జనం జాగ్రత్తగా వినాలి. ఇందులో ఒక్క తుపాకీ కూడా పేలదు, నిద్ర వస్తే కథ జారిపోతుంది.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలిసే పల్లం ఇది. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య ఆ వరదనంతా కడుపులో పెట్టుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి పంపేది. లంక గ్రామాల్లో వడ్డి కులస్థులు తాటిదోనెల మీద తిరుగుతూ, మావులు పెట్టి కొర్రమీనో, జెల్లో, బొమ్మిడాయో పట్టుకుని బతికేవారు. డెబ్భయ్యో దశకంలో సర్కారుకు వాళ్ల మీద దయ కలిగింది. సహకార సంఘాలు కట్టించి, చేపల చెరువులు తవ్వుకోమంది. మంచి ఆలోచనే. అయితే చెరువు తవ్వాలంటే పెట్టుబడి కావాలి, పిల్ల కావాలి, మేత కావాలి. అవన్నీ ఉన్న పెద్దమనుషులు ఒడ్డున నిలబడి చూస్తూనే ఉన్నారు. "సంఘం మీదే, సంతకం మీదే, తక్కిన కష్టమంతా మేం పడతాం లెండి" అన్నారు. అదిగో, అక్కడ మొదలైంది. సభ్యుడు లీజు డబ్బు తీసుకుని తన చెరువు మీద తనే కాపలా కూలీ అయ్యాడు. గట్టు మీద మకాం లేచింది, మకాంలో గుమస్తా కూర్చున్నాడు. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో హౌరా దారి పట్టాయి. ఇక్కడ పట్టుబడయ్యేది చేపే, మనిషి కాదు.

2001 నాటి ఉపగ్రహ చిత్రం చూసి ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తీశారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే, 1,050 చెరువులు. 1967 నాటి పటంలో ఒక్కటీ లేదు. షికాగోలో మొత్తం గ్యాంగులన్నీ కలిసి ఊళ్లో కొన్ని వీధులే పంచుకోగలిగాయి. మిషిగన్ సరస్సు పక్కనే ఉన్నా అందులో గట్టు వెయ్యవచ్చన్న ఊహే కపోన్‌కు తట్టలేదు. చదువు లేకపోతే అంతే.

మరి చట్టం? చట్టం వచ్చింది. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే నేల ఎత్తును చూపే ఐదో గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. అభయం ఎవరికన్నది మాత్రం రాతపూర్వకంగా తేలలేదు. 2006లో, వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, సుప్రీంకోర్టు తరిమితే ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. పొక్లెయిన్లు దిగాయి, గట్లు తెగాయి, నీళ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలుసుకున్నాయి. ఇన్ని వెటకారపు మాటలు చెబుతున్న నేను కూడా ఒప్పుకోవలసిందే, ఆ కొద్ది నెలలు ప్రభుత్వం ప్రభుత్వంలాగే కనపడింది. అయితే గట్టు తెగినప్పుడు పెట్టుబడిదారుడికి ఒక పంట పోయింది, లంకలో కూలివాడికి కూడే పోయింది. తెగిన గట్టు పక్కన ఏడుస్తున్నవాడి ఫొటో పేపర్లో వచ్చింది. లీజుదారుడి ఫొటో రాలేదు, ఆయన ఊళ్లో లేడు. ఆ తర్వాత కొన్నేళ్లు తిరక్కుండానే గట్లు మళ్లీ మొలిచాయి. పొక్లెయిన్‌కు పార్టీ లేదు. కొట్టమంటే కొడుతుంది, వెయ్యమంటే వేస్తుంది, గంటకింతని తీసుకుంటుంది.

ఇక్కడే మన గ్యాంగ్‌స్టర్ ప్రపంచ గ్యాంగ్‌స్టర్లందరికంటే ఒక మెట్టు పైకెక్కాడు. ఎక్కడైనా నేరస్థుడు ఏం చేస్తాడు? సాక్షిని మాయం చేస్తాడు, జడ్జిని కొంటాడు, లేదా పారిపోతాడు. మనవాడు కాంటూరునే తగ్గించమన్నాడు. ఐదో కాంటూరు మూడో కాంటూరైతే 308 చదరపు కిలోమీటర్లు 135కు దిగుతాయి. తక్కిన చోట ఉన్న గట్లన్నీ తెల్లారేసరికి చట్టబద్ధం. దొంగ పారిపోనక్కర్లేదు, హద్దే పారిపోతుంది. ఐదును మూడు చెయ్యాలని 2008లో శాసనసభే తీర్మానం చేసింది. అసెంబ్లీలో కుర్చీలు విసురుకునే పార్టీలు కూడా కొల్లేటి దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములైపోతాయి. ఆ తర్వాత కేంద్రం పంపిన అజీజ్ కమిటీ వచ్చి చూసి, కాంటూరు తగ్గించొద్దు, జిరాయితీ భూములున్న రైతులకు పరిహారమివ్వండి అని చెప్పి వెళ్లింది. ఆ మాట విన్నవాళ్లెవరూ లేరు. 2025లో సుప్రీంకోర్టు మళ్లీ హద్దులు తేల్చమంది. ఈ ఫైలు ఎంత పొడుగు సాగిందని అడక్కండి. కొల్లేటి చేంతాడని మన పెద్దలు సామెత ముందే చేసి పెట్టారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఐదో కాంటూరు లోపల సొంత జిరాయితీ ఉన్న చిన్న రైతుకు అటు పట్టా, ఇటు అభయారణ్యం. అమ్ముకోలేడు, సాగు చేసుకోలేడు. ఆయన గోడు నిజమైన గోడు. అందుకే పెద్దవాడు కోర్టుకెళ్లిన ప్రతిసారీ ఆ గోడునే అద్దెకు తీసుకెళతాడు. తనకు వంద ఎకరాలు కావాలంటే ముందు వరసలో అరెకరం వాణ్ని నిలబెడతాడు. కెమెరా దగ్గరగా వచ్చేది వాడి ముఖం మీదికే.

ఇప్పుడు సినిమా లొకేషన్. దెందులూరులో పుట్టిన దర్శకుడు కె.బి. తిలక్ 1957లో ‘ఎమ్మెల్యే’ తీశాడు. 1974లో ‘భూమికోసం’ తీశాడు. 1976లో ‘కొల్లేటి కాపురం’ తీశాడు. ఈ మూడు పేర్లూ ఇదే వరసలో గైడు నెమ్మదిగా చదువుతాడు. ఇంకేం వివరించక్కర్లేదు, సరస్సు చరిత్ర మొత్తం పోస్టర్ల మీదే ఉంది. ‘భూమికోసం’ ఆయన తీసింది భూమి లేనివాళ్ల కోసం. పాపం, భూమి ఉన్నవాళ్లు నీళ్లలోకి కూడా వస్తారని ఆ రోజుల్లో ఎవరికి తెలుసు?

ఆటపాక దగ్గర పక్షుల్ని చూపించాలి. గూడబాతులకు చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్లలో ఇనుప మంచెలు నిలబెట్టారు. అవి వాటి మీదే గూళ్లు పెట్టి పిల్లల్ని లేపుతున్నాయి. పరాయి చోట ఇచ్చిన ఇంట్లో ఎవరినీ ఏమీ అనకుండా కాపురం చేసుకోవడం ఎలాగో ఆ పక్షుల్ని చూసి నేర్చుకోవాలి. కొలంబియాలో గ్యాంగ్‌స్టర్ పాబ్లో ఎస్కోబార్ తన సరదాకు నాలుగు నీటిగుర్రాల్ని తెప్పించుకుంటే, ఆయన పోయాక అవి వందకు పైగా పెరిగి అక్కడి నదిని పట్టుకుని ఊగుతున్నాయి. మన దగ్గర ఆ వేషం ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ది. దేశంలో నిషేధం. అయినా పెరుగుతుంది, కోళ్ల వ్యర్థాలు తిని పెరుగుతుంది. కోళ్ల వ్యర్థాల డ్రమ్ములతో రాత్రిపూట వచ్చే వాహనాలు అప్పుడప్పుడు పట్టుబడి పేపర్లో పడతాయి. పాత తెలుగు సినిమాల్లో విలన్ డెన్ నిండా ఖాళీ డ్రమ్ములే ఉండేవి, లోపలేమున్నాయో ఎవరూ చెప్పేవారు కారు. ఇన్నాళ్లకు ఆ అనుమానం తీరింది. టూరులో ఈ భాగాన్ని ముక్కు మూసుకుని పూర్తి చెయ్యాలి.

ఇదే ఎస్కోబార్ నివాసాన్ని, మెడెలిన్ నగరపాలకులు 2019లో బాంబులు పెట్టి కూల్చి, ఆ చోట అతని కాలంలో చచ్చిపోయినవాళ్ల పేరు మీద పార్కు కట్టారు. పర్యాటకులు వచ్చి హంతకుడి ఇంటి ముందు సెల్ఫీలు దిగుతుంటే ఊరివాళ్లకు సిగ్గేసిందట. సిగ్గు దిగుమతి సరుకు, దాని జోలికి మనం వెళ్లొద్దు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు దండం పెట్టుకోవాలి. ఇక్కడ ఒక పాత కథ చెబుతారు. ఒరిస్సా గజపతుల కోట సరస్సు మధ్యలో ఉండేదట. శత్రుసైన్యం చిగురుకోటలో దిగి, నీళ్లు అడ్డమొస్తున్నాయని ఉప్పుటేరు తవ్వి సరస్సును సముద్రంలోకి తీసేసిందట. కొల్లేటిని ఎండగడితే కోట మనదవుతుందన్న కిటుకు అప్పుడే తెలుసన్నమాట. ఆ శత్రువులు కనీసం యుద్ధం ప్రకటించి వచ్చారు. జాతరలో అన్నదానం చేయించే దాతల పేర్లు ఫ్లెక్సీల మీద చదువుకుంటూ వెళ్లండి. 1930లో షికాగోలో కపోన్ కూడా ఆకలిగొన్నవాళ్లకు ఉచితంగా సూప్ పోయించాడు. గిన్నె పట్టుకున్నవాడు ఎవరినీ ఏమీ అడగడని ఆయనకూ తెలుసు.

మరి గైడుగా ఎవరిని పెట్టాలి? లంకల్లో పుట్టిన వడ్డి పెద్దాయన్నే పెట్టాలి. ఏ గట్టు ఏ ఏడు లేచిందో, ఏ మకాం వెనక ఎవరున్నారో కంఠతా వచ్చినవాడు ఆయనే. "ఆయ్, ఇటు రండి బాబూ, కాలు జాగర్త" అంటూ తీసుకెళతాడు. ఒక్క చిక్కుంది. ఆయన మావు వేసినందుకు అభయారణ్యం నిబంధనల కింద ఎప్పుడైనా కేసు పడవచ్చు. వంద ఎకరాల గట్టు కంటికి ఆనదు, వెదురు మావు మాత్రం ఇట్టే కనపడుతుంది. కాబట్టి టూరు మధ్యలో గైడును పట్టుకెళితే మిగిలిన దారి పర్యాటకులే వెతుక్కోవాలి. గట్ల మీద నడుస్తున్నంత సేపూ తప్పిపోయే ప్రమాదం లేదు, ప్రతి గట్టూ ఎవరో ఒక పెద్దమనిషి గేటు దగ్గరికే చేరుస్తుంది.

వానాకాలంలో టూరు ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు తెగి బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. రౌడీలు చెయ్యలేని కర్ఫ్యూ ఆ వాగు చేసి పెట్టింది. జనం మేడల మీద కూర్చుని పాలప్యాకెట్ల కోసం చేతులు చాచారు. పైన వాగును ఇరుకు చేసి ఇళ్లు కట్టుకున్నారు, కింద వాగు చేరాల్సిన సరస్సును చెరువులు చేశారు. మధ్యలో నీళ్లు ఎటు వెళ్లాలి? అవి ఎవరినీ అడక్కుండా కాలినడకన ఊళ్లోకొచ్చాయి. ఆ తర్వాత నెమ్మదిగా కొల్లేటికి చేరి లంక గ్రామాల దారులు ముంచాయి. పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం ఎంతుందని రోజూ టీవీల్లో చెప్పారు. కాంటూరు ఐదా, మూడా అని ఆ నీళ్లెవరినీ అడగలేదు.

అన్నీ కుదిరాయి. రూటు సిద్ధం, టోపీలు కుట్టించాం, ఆహ్వాన పత్రిక అచ్చుకు వెళ్లాలి. ముఖ్య అతిథి దగ్గర పని ఆగింది. పచ్చజెండా ఊపడానికి ఎవరి పేరు అనుకున్నా, ఐదో కాంటూరు లోపల ఆయన బావమరిది పేరు మీదో, తోడల్లుడి పేరు మీదో ఒక చెరువు బయటపడుతోంది. గ్యాంగ్‌స్టర్ టూరును గ్యాంగ్‌స్టర్ చేతే ప్రారంభిస్తే షికాగోవాళ్లు అసూయపడతారని మా కమిటీలో ఒకాయన అన్నారు. ఆ ఒకాయనకూ మండవల్లి వైపు కొంచెం ఉందని తర్వాత తెలిసింది. అందుచేత ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేసేదేమంటే, సొంత పేరు మీద గాని, బంధువుల పేరు మీద గాని, సంఘం పేరు మీద గాని కొల్లేటిలో గట్టు లేని ప్రజాప్రముఖులు ఎవరైనా ఉంటే తమ వివరాలు వెంటనే పంపగలరు. లీజుకిచ్చి ఊరుకున్నవారు అనర్హులు. "మాది మూడో కాంటూరు అవతలండీ" అనేవారు తర్వాతి తీర్మానం దాకా ఆగగలరు.